విమానాల మోతని మా కౌన్సిల్ ‘నిశితంగా గమనిస్తోంది’ అట. గమనిస్తే ఏమొస్తుంది?

నిద్రలేమి

కాస్త పొడవైన పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా ఇంటికీ ఎయిర్‌పోర్టుకీ మధ్య 18 కిలోమీటర్లు. ఆ ఎయిర్‌పోర్టు మా ఊరిది కాదు, పక్క నగరానిది. ఇల్లు కొన్నాక అయిదేళ్లపాటు విమానం అంటే ఎక్కడో దూరంగా మెరుస్తూ పోయేదే. పోయిన ఏడాది చివర్లో కథ మారింది. ఇప్పుడు అన్నీ ఒకే గీత మీద వస్తున్నాయి. ఎదురింటి యాంటెన్నాకీ పక్కింటి చెట్టుకీ మధ్య జానెడు సందు ఉంది, ఒక్కటంటే ఒక్కటి ఆ సందు తప్పదు.

వాటిలో ఒక రకం ఉంది. ముందు సన్నగా ఈల వినిపిస్తుంది, ఇంజన్ రొద ఆ తర్వాత వస్తుంది. ఆ ఈల వినగానే మా చిన్నది నిద్రలోనే దిండుని చెవి మీదికి లాక్కుంటుంది. దానికి నాలుగేళ్లు. ఆ పని ఎవరూ నేర్పలేదు.

మొన్నొక రాత్రి నిద్ర పట్టక నోటుబుక్కు తీసుకుని కిటికీ దగ్గర కూర్చున్నా. 10:40 నుంచి 1:15 దాకా 34 గీతలు గీశా.

కౌన్సిల్‌కి రాస్తే మర్యాదగానే జవాబిచ్చారు. ప్రాంతీయ విమానాశ్రయ ప్రణాళికనీ, విమాన శబ్దాన్నీ నగరం నిశితంగా గమనిస్తోందట. ఎయిర్‌పోర్టుకి ఫోన్ చేస్తే ‘ఏ రూట్లో రావాలో మేం చెప్పం, ట్రాఫిక్ కంట్రోల్ వాళ్లు చెప్తారు’ అన్నారు. అక్కడికి రాస్తే ‘సగటు శబ్దం పరిమితిలోనే ఉంది’ అన్నారు. సగటేంటండీ? నా నెత్తిమీద విమానం సగటుగా పోతుందా?

ఒక ఊరి కౌన్సిల్ ఈ విషయంలో నిజంగా చేయగలిగింది ఏమైనా ఉందా, లేక ఆ ‘గమనించడం’ ఊరికే ఒక మాటా? నేను రోజూ ఫిర్యాదు పెడుతూ పోతే లాభం ఉంటుందా? ఫోన్‌లో డెసిబెల్ యాప్ వేసుకున్నా, దాని లెక్క ఎవరైనా ఒప్పుకుంటారా?

ఎగిరేపళ్లెం

ఎయిర్‌పోర్టు ముందా, మీ ఇల్లు ముందా? తెలిసి తెలిసి కొనుక్కుని ఇప్పుడు గోల పెడితే ఎలా? అందరికీ విమానం కావాలి, చప్పుడు మాత్రం పక్కవాడి ఇంటి మీద పడాలి.

నిద్రలేమి

18 కిలోమీటర్లని రాశానండీ. కొన్నప్పుడు ఈ రూటే లేదు. లేనిదాన్ని ఎలా చూసి కొనమంటారు?

పాతకమిటీ

ఎగిరేపళ్లెం గారి మాట రన్‌వే పక్కన ఇల్లు కట్టుకున్నవాళ్లకైతే కొంత వర్తిస్తుంది. మీకు వర్తించదు. మా ఊరి తరఫున ఎయిర్‌పోర్టు శబ్దం కమిటీలో ఆరేళ్లు కూర్చున్నాను. కాబట్టి నాకు తెలిసింది చెప్తాను, కొంచెం కడుపుమంట కూడా కలుస్తుంది, ఏమనుకోకండి.

ముందు ఆ ‘ఒకే గీత’ సంగతి. ఇదివరకు కంట్రోలర్ ఒక్కో విమానానికి దిశ చెప్పి తిప్పేవాడు. ఒకటి అటు, ఒకటి ఇటు, మోత పది కాలనీల మీద తలా కాస్త పడేది. ఇప్పుడు శాటిలైట్ ఆధారంగా రూటు ముందే గీసి పెడుతున్నారు, విమానం పట్టా మీద రైలులా దాని మీదే వస్తుంది. దూరం, ఇంధనం కలిసొస్తాయి, ఆ మాట నిజమే. కానీ పదిమందికి పంచాల్సిన మోత మొత్తం ఒక్క వీధి నెత్తిన పడుతుంది. మీది బహుశా అదే కేసు.

అమెరికాలో ఫీనిక్స్ నగరానికి 2014 సెప్టెంబరులో ఇదే జరిగింది. రాత్రికి రాత్రి టేకాఫ్ రూట్లు మారాయి, పాత కాలనీల మీదుగా విమానాలు మొదలయ్యాయి. నగరమే కోర్టుకెళ్లి 2017 ఆగస్టులో గెలిచింది. తర్వాతి ఏడాది పడమటి వైపు టేకాఫ్‌లు దాదాపు పాత దారికి వచ్చాయి. ఆ తీర్పులో నాకు బాగా గుర్తుండిపోయిన ముక్క ఒకటుంది. రూటు మార్చే ముందు ఎఫ్‌ఏఏ (అక్కడి కేంద్ర విమానయాన సంస్థ) వాళ్లు నగరంతో మాట్లాడామన్నారు. తీరా చూస్తే మాట్లాడింది నగరం తరఫున మాటివ్వగలిగే స్థాయి లేని కింది ఉద్యోగులతో. మేయరుకి, కౌన్సిల్‌కి కబురే లేదు. అందుకే మీ కౌన్సిల్‌ని నేనైతే మొదట ఇదే అడుగుతాను: ‘ఎయిర్‌పోర్టు నుంచి కాగితం వస్తే మన దగ్గర ఎవరు తెరుస్తారు?’

ఇది ఎందుకు అడగమంటున్నానో చెప్తా. మా ఊళ్లో ఆ కాగితం వచ్చింది. మెయిల్‌కి అటాచ్ చేసి, నాలుగొందల పేజీలు. పైన ‘విధానాల సవరణ’ అని ఉంది. శబ్దం అనే మాట శీర్షికలో ఎక్కడా లేదు. ప్లానింగ్ విభాగంలో ఎవరో దాన్ని ఫోల్డర్‌లో పెట్టేశారు. అభ్యంతరాల గడువు దాటిపోయింది. మాకు సంగతి తెలిసింది విమానాలు వచ్చాకే. ఆ తర్వాత మేం రాసిన ప్రతి ఉత్తరానికీ ఒకటే జవాబు: ‘గడువులో మీ నుంచి అభ్యంతరం రాలేదు.’ ఆరేళ్లు కమిటీలో కూర్చుని నేను పోరాడింది ఆ ఒక్క ఫోల్డర్‌తోనే అనిపిస్తుంది ఇప్పటికీ.

సగటు గురించి. మీరు కోపంలో అన్నా పాయింటు సరైనదే. ఏడాది పొడవునా పడిన శబ్దాన్నంతా కలిపి రోజుకి ఒక అంకె తీస్తారు. అమెరికాలో అయితే రాత్రి 10 నుంచి ఉదయం 7 దాకా వెళ్లే విమానానికి 10 డెసిబెల్స్ అదనంగా వేస్తారు, అంటే రాత్రి ఒకటి పగటి పదితో సమానం. యూరప్‌లో సాయంత్రానికి కూడా 5 కలుపుతారు. ఇంతవరకూ న్యాయంగానే ఉంది. చిక్కు ఎక్కడంటే డెసిబెల్ లెక్క మామూలు కూడిక కాదు. అదే రకం విమానాలు వందకి రెండొందలయితే మీ నోటుబుక్కులో గీతలు రెట్టింపవుతాయి, వాళ్ల మ్యాపులో మాత్రం 3 డెసిబెల్సే పెరుగుతాయి. అందుకే ‘పెద్ద మార్పేమీ లేదు’ అని చెప్పగలుగుతారు, అబద్ధం ఆడకుండానే.

పరిమితి ఎక్కడ గీస్తారన్నది ఇంకో కథ. అమెరికాలో ఆ సగటు 65 డెసిబెల్స్ దాటితేనే ఇళ్లకి సరిపడని శబ్దం అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2018లో విమాన శబ్దం 45 లోపు, రాత్రి పూట 40 లోపు ఉండాలని సూచించింది. ఎఫ్‌ఏఏ సొంత సర్వే 2021లో బయటికొచ్చింది. పాత లెక్క ప్రకారం 65 దగ్గర బాగా విసిగిపోయేవాళ్లు 12 శాతం చిల్లర ఉండాలి, కొత్త సర్వేలో 60 నుంచి 70 శాతం తేలారు. గీత మాత్రం అక్కడే ఉంది.

అందుకని సగటుతో కుస్తీ పట్టకండి. ఆస్ట్రేలియాలో ఎన్‌70 అని ఒక లెక్క వాడతారు: రోజుకి ఎన్నిసార్లు శబ్దం 70 డెసిబెల్స్ దాటింది, అంతే. మీ నోటుబుక్కు భాష అది. మీ కౌన్సిల్ డబ్బిచ్చి కన్సల్టెంట్‌ని పెట్టుకుని ఉంటే ఆ లెక్క కూడా తీయమని అడగమనండి.

ఇక అధికారం మాట. మీరే దేశంలో ఉన్నారో రాయలేదు, అయినా చాలాచోట్ల ఆకాశం ఊరి చేతిలో ఉండదు. బర్‌బ్యాంక్ నగరం రాత్రి 11 నుంచి ఉదయం 7 దాకా జెట్ విమానాలు ఎగరకూడదని చట్టం చేస్తే 1973లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది, అయిదుగురు అటు, నలుగురు ఇటు. సిడ్నీలో రాత్రి 11 నుంచి 6 దాకా కర్ఫ్యూ ఉందంటే అది 1995లో పార్లమెంటు చేసిన చట్టం. ఫ్రాంక్‌ఫర్ట్‌లో 11 నుంచి 5 దాకా షెడ్యూల్డ్ విమానాలు లేవంటే 2011లో కోర్టు ఆపింది కాబట్టి. వీటిలో ఎక్కడా ఊరి కౌన్సిల్ ఒంటిచేత్తో ఆపలేదు.

కౌన్సిల్ చేతిలో పూర్తిగా ఉండేది మాత్రం ఒకటుంది. దాని గురించి ఎవరూ మాట్లాడరు. రూటు కింద ఏం కట్టనివ్వాలన్నది. మా కౌన్సిల్ ఒక చేత్తో ఎయిర్‌పోర్టుకి నిరసన లేఖ రాస్తూ, ఇంకో చేత్తో సరిగ్గా ఆ రూటు కిందే అపార్ట్‌మెంట్లకి పర్మిషన్ ఇచ్చింది. ఒకే మీటింగులో, ఒకటి నాలుగో అంశం, ఇంకోటి తొమ్మిదో అంశం. నేను అక్కడే ఉన్నాను, చెయ్యెత్తి అడిగాను కూడా. నవ్వారు.

మీటరుమనిషి

శబ్దం కొలిచే పనిలో ఉన్నాను. పాతకమిటీ గారు చెప్పినవాటికి నాలుగు చిన్న సంగతులు కలుపుతా.

మీ ఈల విమానం ఎయిర్‌బస్ ఏ320 కుటుంబంలోది అయ్యుండొచ్చు. రెక్క కింద ఇంధన ట్యాంకు ఒత్తిడి పోవడానికి గుండ్రటి రంధ్రాలు ఉంటాయి. దిగేటప్పుడు గాలి వాటి మీదుగా కోసుకుపోతూ ఈల వేస్తుంది, సీసా మూతి మీద ఊదినట్టు. రంధ్రం ముందు చిన్న లోహపు ముక్క బిగిస్తే ఆగిపోతుంది. లుఫ్తాన్సా 2014 నుంచి తన విమానాలకి వాటిని బిగించింది, 4 డెసిబెల్స్ దాకా తగ్గింది. కొత్తవి దాంతోనే వస్తున్నాయి. మీ దగ్గర ఈల వేసేవి ఇంకా బిగించని పాతవై ఉంటాయి. రూటు మార్చమంటే ఏళ్లు పడుతుంది, ‘ఈ ముక్క లేని విమానాలకి ఎక్కువ ల్యాండింగ్ చార్జీ వేయండి’ అని అడగడం దానికంటే తేలిక.

ల్యాండింగ్ మూడు డిగ్రీల వాలులో జరుగుతుంది. 18 కిలోమీటర్ల దగ్గర దాదాపు 940 మీటర్ల ఎత్తులో ఉండాలి. ఏదైనా ట్రాకింగ్ సైటులో చూడండి. ఎప్పుడూ అంతకంటే బాగా కిందుగా, సమంగా వస్తుంటే ముందే దింపేసి ఆ ఎత్తులోనే లాక్కొస్తున్నారని అర్థం. అప్పుడు ఇంజన్ పవర్ పెంచాల్సి వస్తుంది, మోత పెరుగుతుంది. ఆపకుండా ఒకే వాలులో దింపమని అడగొచ్చు, భద్రతకి అడ్డురాని కోరిక ఇది.

ఫోన్ యాప్ అంకె ఎవరికీ చూపించకండి. కాలిబ్రేషన్ (ప్రామాణిక పరికరంతో సరిచూడటం) లేదని ఒక్క మాటతో పక్కన పడేస్తారు, దాంతోపాటు మిమ్మల్ని కూడా. టైము రాయండి, గాలి ఎటు వీస్తోందో రాయండి. విమానాలు గాలికి ఎదురుగా దిగుతాయి. గాలి తిరిగితే మీ వీధి నిశ్శబ్దం, అవతలి ఊరికి జాగారం. గాలి రాయకుండా 34 అంటే ‘ఆ ఒక్క రాత్రే’ అంటారు.

రోజూ ఫిర్యాదు మాత్రం వద్దు. వాషింగ్టన్ రీగన్ ఎయిర్‌పోర్టుకి 2015లో 8,760 ఫిర్యాదులొస్తే నాలుగింట మూడొంతులకి పైగా ఒకే ఇంటి నుంచి వెళ్లాయి. ఆ ఇంటివాళ్ల బాధ నిజమే అయ్యుంటుంది, కానీ జనానికి గుర్తున్నది ఆ అంకె మాత్రమే. నలభై ఇళ్ల నుంచి ఒక్కోటి వెళ్తే ఎవరూ నవ్వలేరు.

ఎగిరేపళ్లెం

నిద్రలేమి గారూ, రూటు తర్వాత వచ్చిందన్న సంగతి గమనించలేదు, నోరు జారాను. ఇంతకీ ఎయిర్‌పోర్టు ఏమైనా విస్తరిస్తున్నారా? కొత్త రన్‌వేకి ముందు రూట్లు సర్దుతుంటారని విన్నా.

నిద్రలేమి

పర్లేదండీ. మీరడిగాకే వెతికా. ఉంది! ఇరవై ఏళ్ల మాస్టర్ ప్లాన్ ముసాయిదా వాళ్ల సైటులో ఎనిమిది వారాలుగా పడి ఉంది. అభ్యంతరాలకి ఇంకా పదకొండు రోజులే. 212వ పేజీలో ఒక పటం, మా వీధి అందులో కనిపించదు కానీ మా వాగు వంపు కనిపిస్తుంది, గీత సరిగ్గా దాని మీదే ఉంది. కింద పట్టికలో రాత్రి విమానాలు ఇప్పటికంటే ఎక్కువ.

నిన్న కౌన్సిల్ మీటింగుకి వెళ్లా. మూడు నిమిషాలు ఇచ్చారు. ఆవేశపడకుండా పాతకమిటీ గారి ప్రశ్నే అడిగా: ఆ ముసాయిదా మన దగ్గర ఎవరు చదివారు? చైర్లో ఉన్నాయన పక్కకి చూశారు, పక్కనున్నావిడ ప్లానింగ్ ఆఫీసర్ని చూసింది, ఆయన ల్యాప్‌టాప్ తెరిచి వెతకడం మొదలుపెట్టాడు. నా మూడు నిమిషాలూ అయిపోయాక కూడా వెతుకుతూనే ఉన్నాడు. చివరికి ‘సోమవారానికి రాతపూర్వకంగా చెప్తాం’ అన్నారు. కనీసం మీటింగు మినిట్స్‌లో, అంటే రికార్డులో, ఎక్కింది.

మా వీధిలో పంతొమ్మిది ఇళ్లు, వాగు అవతల ఇంకో ముప్పై దాకా ఉంటాయి. ఎవరి ఉత్తరం వాళ్లే, వాళ్ల మాటల్లోనే రాయమంటున్నా. ఇప్పటికి ఏడుగురు రాశారు. ఒకాయన విమానాలంటే తనకి ఇష్టమేనని, అయినా రాత్రి వద్దని రాశాడు. అది కూడా పెట్టేశాం.

నోటుబుక్కులో గాలికి ఒక గడి, ఈలకి ఒక గడి గీశా. ఇది టైప్ చేస్తుండగానే ఇంకోటి పోయింది. 11:52, పడమటి గాలి, ఈల ఉంది.

పాతకమిటీ

సోమవారం జవాబు రాకపోతే మంగళవారం పొద్దున్నే వెళ్లి కూర్చోండి. మీ సొంత అభ్యంతరం మాత్రం కౌన్సిల్ కోసం ఆపకండి, అందినట్టు రసీదు నంబరు తీసుకోండి. ఆ పటం ఉన్న పేజీ ఇక్కడ పెట్టండి, స్కేలు ఎంత వేశారో చూడాలి.