కిరాయికి ఇల్లు ఇయ్యనంటే చట్టం అడగాలా, వద్దా?

దేవరకొండ రోడ్డు: నల్గొండల నేనూ నా దోస్తూ గది కోసం తిరుగుతున్నం. జీతం అడగకముందే కులం అడుగుతున్నరు. నా దోస్తు పేరు వినంగనే "ముస్లింలకు ఇయ్యం" అన్నరు. రాజ్యాంగం 15వ అధికరణ కింద కేసు వెయ్యొచ్చా? అన్ని రకాల వివక్షకూ కలిపి ఒక చట్టం రావాలని నా మాట.

మిర్యాలగూడ ఓనర్: ఇల్లు నాది, లోన్ కట్టేది నేను. పైన మేముంటం, కింద కిరాయోళ్లు. ఒకటే గేటు, ఒకటే బోరు. ఎవరిని ఉంచుకోవాలో కూడా సర్కారే చెప్తదా?

పాలమూరు వకీలు: కొంతవరకు ఇప్పటికే చెప్తున్నదన్నా. అంటరానితనం పాటించి ఇంట్ల ఉండనియ్యకపోతే 1955 పౌరహక్కుల రక్షణ చట్టం 4వ సెక్షన్ కింద నేరం, నెల నుంచి ఆరు నెలల జైలు. 2017 హెచ్‌ఐవీ చట్టం, 2019 ట్రాన్స్‌జెండర్ చట్టం అయితే కిరాయి మాటను సూటిగనే రాసినయి. మీ గేటు లోపలికి చట్టం ఎప్పుడో వచ్చింది.

తమ్మీ, 15వ అధికరణల మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు ఉన్నయి. కానీ అది ముందుగాల కట్టడి చేసేది సర్కారును. మనుషులకు వర్తించే భాగంల దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువుల వంటివే ఉన్నయి, కిరాయి ఇల్లు లేదు. అందుకే మతం చూసి కాదన్న ఓనర్ మీద, ఒంటరి ఆడమనిషని తలుపేసిన ఓనర్ మీద పెట్టడానికి నా చేతిల సెక్షన్ లేదు. ఇది నాకు మస్తు బాధ. వివక్ష ఫిర్యాదులు వినేటందుకు సమాన అవకాశాల కమిషన్ పెట్టుమని, ముస్లింల స్థితిగతులు చూసిన సచార్ కమిటీ 2006లనే చెప్పింది.

మర్రిగూడ టీచర్: కొత్త చట్టంల ఎవరెవరికి రక్షణో పేర్ల జాబితా పెడితే ఎవరో ఒకరు బయటనే మిగులుతరు. 2016 దివ్యాంగుల చట్టంల 21 రకాలున్నయి, నీళ్లల ఫ్లోరైడ్‌తోటి బొక్కలు వంగే మా ఫ్లోరోసిస్ జబ్బు పేరు లేదు. నడుము వంగినోళ్లు కదలికల వైకల్యం కింద సర్టిఫికెట్ తెచ్చుకోవాలె. రిజర్వేషన్‌కు 40 శాతం వైకల్యం కావాలె గానీ, వివక్ష వద్దనే 3వ సెక్షన్‌కు ఆ లెక్క లేదు. ఈ సంగతి మా దిక్కు చానమందికి తెల్వది.

దేవరకొండ రోడ్డు: మరి ఒకే చట్టమొస్తే ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం పలుచనైతదా?

పాలమూరు వకీలు: దాన్ని తీసేసి తెస్తే అయితది, నేనే ముందు వద్దంట. 1989 చట్టం అట్లనే ఉండాలె. కొత్తది సివిల్ చట్టంగ రావాలె: జైలు కాదు, నష్టపరిహారం. ఓనరన్నా, కిరాయి కట్టకపోతే ఖాళీ చేయించే హక్కు మీకు అప్పుడూ ఉంటది.