వారెంట్ లేకుండా ఇల్లంతా సోదా చేశారు, ఇలా చేయొచ్చా?

బెజవాడ అద్దెవాసి: మొన్న తెల్లారకముందే మా వీధికి రెండు వైపులా పోలీసులు నిలబడి కార్డన్ సెర్చ్ (వీధిని చుట్టుముట్టి ఇల్లిల్లూ తనిఖీ) అన్నారు. ఆధార్, బండి కాగితాలు అడిగితే చూపించాను, అక్కడిదాకా బానే ఉంది. తర్వాత ఒకాయన బీరువా తీయమన్నాడు. వారెంట్ ఉందా సార్ అంటే సినిమాలు ఎక్కువ చూస్తావా అని నవ్వాడు, అమ్మ భయపడి తాళాలు ఇచ్చేసింది. చీరలన్నీ మంచం మీద పోసి, ఏమీ దొరక్క వెళ్లిపోయారు. కాగితం ముక్క కూడా ఇవ్వలేదు.

కారంపొడి: వారెంట్ లేకపోతే గుమ్మం తొక్కనివ్వకు బ్రో. తలుపేసెయ్, అంతే.

గుంటూరు జూనియర్ లాయర్: ఆ పని మాత్రం చేయకండి. సోదాకి అధికారం ఉన్నప్పుడు తలుపు తీయకపోతే పగలగొట్టుకుని రావచ్చు. కేసు దర్యాప్తులో ఉంటే ఎస్‌హెచ్‌ఓ (స్టేషన్ ఇన్‌ఛార్జి అధికారి) గానీ దర్యాప్తు అధికారి గానీ వారెంట్ లేకుండానే సోదా చేయొచ్చు, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సీఆర్‌పీసీలో సెక్షన్ 165, 2024 జులై 1 నుంచి దాని బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో సెక్షన్ 185. కాకపోతే ఏ వస్తువు కోసం, ఆ ఇంట్లోనే ఉందని ఎందుకు అనుకుంటున్నారు, వేరే దారిలో వెళితే ఎందుకు ఆలస్యమవుతుంది అన్నది ముందే కేస్ డైరీలో రాసుకోవాలి. దాని కాపీ 48 గంటల్లో మేజిస్ట్రేట్‌కి చేరాలి, మీరు అప్లికేషన్ పెడితే అక్కడ ఉచితంగా ఇస్తారు. అరెస్టు చేయాల్సిన మనిషి లోపల దూరాడని నమ్మితే అది వేరే, సెక్షన్ 44. మీ దగ్గర అసలు కేసే లేదు కదా, కార్డన్ సెర్చ్ అనే పేరుతో బీఎన్ఎస్ఎస్‌లో సెక్షనూ లేదు. బీరువా దాకా వెళ్లడం నా లెక్కలో తప్పే.

బ్రాడీపేట బాబాయ్: మా మేడ మీద అద్దెకున్న కుర్రాళ్ల మీద గంజాయి కేసు పడి రాత్రి పదకొండింటికి వచ్చారండి. ఆ మాదకద్రవ్యాల చట్టంలో పగలైతే వారెంట్ అక్కర్లేదు, పొద్దుగూకాక అయితే వారెంట్ కోసం ఆగితే సరుకు మాయమవుతుందని కారణం రాసుకుని రావాలట, సెక్షన్ 42. మధ్యవర్తులుగా ఇద్దరు వీఆర్వోలను వెంట తెచ్చుకున్నారు, ఫోన్లో వీడియో కూడా తీశారు. కింద మా అబ్బాయి ల్యాప్‌టాప్ కూడా జాబితాలో రాయబోతుంటే బిల్లు తెచ్చి చూపించి ఆపాను. పంచనామా (సోదాలో ఏం జరిగిందో, ఏం దొరికిందో రాసిన కాగితం) మొత్తం చదివి, అడుగున ఖాళీ జాగా గీత కొట్టించి, అప్పుడు సంతకం పెట్టాను. కాపీ అడిగితే గానీ ఇవ్వలేదు.

బెజవాడ అద్దెవాసి: మా ఇంట్లో వీడియో ఎవరూ తీయలేదే?

గుంటూరు జూనియర్ లాయర్: సోదా అయితే తీయాల్సిందే, బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 105. చుట్టుపక్కల వాళ్లు కనీసం ఇద్దరు సాక్షులుగా ఉండాలి, మీరూ దగ్గరుండి చూడొచ్చు, ఆడవాళ్లను తనిఖీ చేయాలంటే ఆడవాళ్లే చేయాలి. అయితే ఒక మాట, సోదాలో లోపం ఉందని దొరికిన సరుకు సాక్ష్యంగా చెల్లకుండా పోదు, 1973లో పూరణ్ మల్ కేసులోనే సుప్రీంకోర్టు తేల్చేసింది. మీకు ఏమీ దొరకలేదు కాబట్టి ఆ టెన్షన్ లేదు. ఎన్ని గంటలకి, ఎంతమంది, ఏ గది అన్నీ ఇవాళే రాసిపెట్టుకుని కమిషనర్ ఆఫీసుకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి.

బెజవాడ అద్దెవాసి: సరే అన్నా. ఎదురింటాయన సీసీ కెమెరాలో వారం దాటితే చెరిగిపోతుందట, సాయంత్రం పెన్‌డ్రైవ్ పట్టుకుని వెళ్తున్నా. అమ్మ మాత్రం ఇంకా చీరలు సర్దుతూనే ఉంది, ఆ ఫిర్యాదూ గిర్యాదూ వద్దురా అంటూ.