గిటార్ ట్రాక్‌లన్నీ కలిపితే గొంతు మునిగిపోతోంది, ఏం చేయాలి?

అన్నలూ అక్కలూ, కాస్త హెల్ప్ చేయండి. మా అమ్మమ్మ పాడే ఊయల పాటని చెల్లి చేత పాడించి ఇంట్లోనే రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో రికార్డ్ చేశా, వెనకాల అకౌస్టిక్ గిటార్ మూడు లేయర్లు, రెండు స్ట్రమ్మింగ్ (తీగలన్నీ కలిపి మీటడం), ఒకటి 5వ ఫ్రెట్‌లో కాపో (తీగల్ని నొక్కిపట్టే క్లిప్) పెట్టి ఆర్పెజియో (తీగలు ఒక్కొక్కటిగా మీటడం). విడివిడిగా వింటే చాలా బాగున్నాయి, అన్నీ కలిపితే మాత్రం 200-300 హెర్ట్జ్ దగ్గర బురదబురదగా అయిపోయి చెల్లి గొంతు లోపలికి వెళ్లిపోతోంది. 100 హెర్ట్జ్ దగ్గర హైపాస్ (అంతకంటే కింది శబ్దాల్ని తగ్గించే ఫిల్టర్) పెట్టి స్ట్రమ్మింగ్‌లని చెరోవైపు పాన్ చేశాక కొంచెం నయం. ఆర్పెజియోని కాపీ చేసి 12 మిల్లీసెకన్లు జరిపి రెండు వైపులా పెట్టా, హెడ్‌ఫోన్స్‌లో విశాలంగా ఉంది కానీ ఫోన్ స్పీకర్‌లో డొల్లగా వినిపిస్తోంది, ఆ కాపీ వల్లేనా? మళ్లీ రెండోసారి విడిగా వాయించాలా? గొంతుకి చోటివ్వాలంటే గిటార్‌లన్నీ ఒకే బస్‌లోకి (అన్నిటినీ కలిపి సర్దే ఉమ్మడి ట్రాక్‌లోకి) పంపి 2-4 కిలోహెర్ట్జ్ తగ్గించాలా, లేక ఒక స్ట్రమ్మింగ్ తీసేయడమే మంచిదా? అమ్మమ్మకి ఫోన్‌లోనే వినిపించాలి, అందుకే అడుగుతున్నా.