అప్‌డేట్: మా ఆఫీసు అద్దె బిల్డింగ్‌లోకి మారిపోయింది

పోయిన నెల అడిగాను కదా, ఒంగోలులో వానకు కురుస్తున్న పాత భవనం నుంచి మా ప్రభుత్వ ఆఫీసును కర్నూలు రోడ్డు వైపు ఒక అద్దె బిల్డింగ్ రెండో అంతస్తుకు మారుస్తున్నారు, లిఫ్ట్ లేదు, పెద్దవాళ్లు ఎలా ఎక్కుతారని. సలహా ఇచ్చిన అందరికీ నమస్కారం.

మీరన్నట్టే దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 ప్రస్తావించి మా సారుకు నోట్ పెట్టాను. ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ) వాళ్లు అద్దె ఖరారు చేయకముందే ఆయన ఓనరును పిలిచి మాట్లాడారు. అదే కలిసొచ్చింది. అగ్రిమెంట్ మీద సంతకాలయ్యాక అడిగితే ఎవరు వింటారు? జనం వచ్చే కౌంటర్‌కు కిందనే ఒక గది ఇచ్చారు. దాని గడప రోడ్డుకు రెండున్నర అడుగుల ఎత్తు. అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు లెక్కన ర్యాంపు 30 అడుగులు రావాలి. ఓనరు 15 చాలన్నారు. మేస్త్రీ ఎదుటే టేపు పట్టి కొలిచి చూపించాం. చివరికి మధ్యలో మలుపు తిప్పి మొత్తం కట్టారు.

సామాను ఒక్క ఆదివారంలో చేరిపోయింది. ఏడిపించింది రికార్డులే. ఎర్ర గుడ్డ కట్టలు ఎత్తితే కింది వరసంతా చెదలు. ఒక పాత రిజిస్టరు అట్ట నా చేతిలోనే పొడిపొడిగా రాలిపోయింది, ప్రాణం ఉసూరుమంది. ఎవరి సర్వీసు వివరాలో అవి! మిగిలినవాటికి నంబర్లు వేసి, పాత బీరువాల వరసలోనే సర్దాం.

నిన్న ఒక పెద్దాయన చేతికర్రతో ఎవరి సాయం లేకుండా కౌంటర్ దాకా వచ్చారు. ఆడవాళ్లకు టాయిలెట్ మాత్రం పైన ఒక్కటే ఉంది. దానికీ నోట్ రాస్తున్నాను.