కోనసీమలో హైడ్రోపోనిక్స్ పాలీహౌస్: బోరు ఈసీ 2.4, పనవుతుందా?

అమలాపురం రైతు:
అరెకరంలో పాలీహౌస్ (ప్లాస్టిక్ షీటు కప్పిన షెడ్డు) వేసి, మట్టి లేకుండా ఎరువు నీళ్లతో పండించే హైడ్రోపోనిక్స్ చేద్దామనుకుంటున్నానండి. ఆకుకూరలకి పైపులు, కీర దోసకి కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) బ్యాగులు, చల్లదనానికి ఫ్యాన్ అండ్ ప్యాడ్ అని కొటేషన్ ఇచ్చారు. బోరు నీళ్ల ఈసీ (నీళ్లలో కరిగిన ఉప్పులు ఎంతున్నాయో చెప్పే కొలత) 2.4 వచ్చింది. మన డెల్టాలో చేసినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి.

తణుకు కీరదోస:
ఆ నీళ్లతో కష్టమండి. ఎరువులన్నీ కలిపాక కీరకి ఉండాల్సిన ఈసీయే 2, 2.5 మధ్య. నీళ్లలోనే అంత ఉప్పుంటే ఇక ఎరువెక్కడ కలుపుతారు? పైగా సోడియం, క్లోరైడ్ మొక్క పెద్దగా తీసుకోదు, నీళ్లు తాగేసి వాటిని ట్యాంకులోనే వదిలేస్తుంది. తిప్పి తిప్పి అవే నీళ్లు వాడేకొద్దీ పేరుకుపోతాయి. ఆర్వో పెడితే బయటికొచ్చే ఉప్పునీళ్లు ఎటు పోతాయో ముందే చూసుకోండి. పక్కవాళ్ల వరిచేలోకి వెళ్లాయో, పంచాయితీయే.

కాలువ నీళ్లు మంచివే గానీ వేసవిలో కాలువలు కట్టేస్తారు, మనకి నీళ్లు కావాల్సింది సరిగ్గా అప్పుడే. నేనైతే పైకప్పు వాననీళ్లు పట్టి, షీటు పరిచిన చెరువులో నింపుకుంటున్నాను. అరెకరం కప్పు మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే దగ్గరదగ్గర 2 లక్షల లీటర్లు. ఉప్పన్నదే ఉండదు. బోరు నీళ్లు అందులో కొంచెం కొంచెం కలుపుకుంటాను.

రాజమండ్రి ఇంజనీరు:
ఫ్యాన్ అండ్ ప్యాడ్ డబ్బులు మిగుల్చుకోండి. ప్యాడ్‌లో నీరు ఆవిరైతేనే గాలి చల్లబడేది. హైదరాబాద్‌లో 40 డిగ్రీలు, తేమ 20 శాతం ఉన్న రోజున పది డిగ్రీల పైనే తగ్గిస్తుంది. మన దగ్గర 35 డిగ్రీలు, తేమ 70 శాతం ఉన్నప్పుడు ఎంత మంచి ప్యాడైనా నాలుగు డిగ్రీలు తగ్గిస్తే గొప్ప. ఎత్తు ఎక్కువగా, పైన గాలి పోయే కిటికీలతో కట్టించండి. కరెంటు బిల్లు కూడా ఉండదు.

పాలకొల్లు ఆకుకూరలు:
పైపుల సంగతి నేను చెప్తానండి. నీళ్లు వేడెక్కితే వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, వేరుకుళ్లు అందుకుంటుంది. మధ్యాహ్నం ఆకు వాడిపోతే ఒక మొక్క లాగి చూడండి. వేరు తెల్లగా ఉందా, సరే. గోధుమ రంగుకి తిరిగి, చేతివేళ్లతో జారిస్తే పైతోలు ఊడొచ్చి లోపల దారం మిగిలిందంటే వేరుకుళ్లు తెచ్చే పితియం వచ్చినట్టే. ట్యాంకు భూమిలోకి దించి పైన నీడ వేశాక నాకు తగ్గింది. ఇక కరెంటు పోయిందంటే టెన్షనే. పైపుల్లో పారేది పల్చటి నీటిపొర, పంపు ఆగితే మే ఎండలో గంటసేపు కూడా ఓర్చుకోవు. బ్యాగులైతే కాస్త ఆగుతాయి. జనరేటర్ లేకుండా పైపుల జోలికెళ్లకండి.

కడియం నర్సరీ:
కోకోపీట్ మన దగ్గర చవకే కదా అని అంబాజీపేట వైపు నుంచి పచ్చిది తోలించుకోకండి. దాంట్లోనూ ఉప్పుంటుంది. ఈసీ 0.5 లోపుకి వచ్చేదాకా కడిగి, కాల్షియం నైట్రేట్ నీళ్లలో నానబెట్టి మళ్లీ కడగాలి. లేకపోతే మీరిచ్చే కాల్షియం అదే పట్టేసుకుంటుంది. ఇంకోటి, కాల్షియం నైట్రేట్‌ని సల్ఫేట్లు, ఫాస్ఫేట్లతో ఒకే డ్రమ్ములో చిక్కగా కలపకండి, అడుగున సున్నంలా దిగిపోతుంది. ఎరువులకి ఏ, బీ అని రెండు డ్రమ్ములు వేరుగా పెట్టేది అందుకే.

భీమవరం మార్కెట్:
అవన్నీ సరే, లెట్యూస్ ఇక్కడ ఎవరు తింటారండి? వైజాగ్, విజయవాడ హోటళ్లతో ముందే మాట్లాడుకున్నాకే విత్తనం కొనండి. టమాటా అయితే మదనపల్లె లారీ దిగిన రోజు మన రేటు గోవిందా.

అమలాపురం రైతు:
అందరికీ థాంక్సండి. పైపులు మానేస్తాను, బ్యాగుల్లో కీర ఒక్కటే, ముందు చెరువు తవ్విస్తాను. మరి తుపాను?

తణుకు కీరదోస:
కీరకి పార్థినోకార్పిక్ (పరాగసంపర్కం లేకుండానే కాయ కాసే) రకమే తీసుకోండి, నెట్ లోపలికి తేనెటీగలు రావు. తుపానుకి పునాది గట్టిగా వేయించి, ఇన్సూరెన్స్ కట్టండి. పెద్ద గాలి తప్పదనిపిస్తే పైషీటు కోసేయాల్సిందే. షీటు మళ్లీ కొనుక్కోవచ్చు, గొట్టాలు వంగిపోతే కట్టడం అంతా పోతుంది. కోసే మనుషుల్ని మాత్రం హెచ్చరిక రాగానే పిలవండి, గాలి మొదలయ్యాక ఎవరూ పైకెక్కరు.