కడుపులో గుడ్డ మర్చిపోతే తప్పెవరిది?

పానగల్లు గట్టు: పోయినేడాది మా చెల్లికి నల్గొండలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో సిజేరియన్ అయింది. ఏడు నెలలు కడుపునొప్పి, సన్నజ్వరం. పోయినప్పుడల్లా గ్యాస్ అని గోలీలు రాసిచ్చారు. చివరికి హైదరాబాద్‌లో స్కాన్ తీస్తే లోపల గుడ్డ! మళ్లీ కోసి తీశారు. ఇది డాక్టర్ తప్పు కాకపోతే ఎవరిది?

థియేటర్ సిస్టర్ (రిటైర్డ్): విని బాధైంది తమ్ముడూ. కానీ ఒక్కరి మీదే వేయొద్దు. రక్తం ఆగకపోతే మాప్ (రక్తం పీల్చే గుడ్డ) మీద మాప్ కుక్కుతారు. తడిసి ముద్దైన గుడ్డ పేగుల మధ్య పేగులాగే ఉంటుంది.

పాలమూరు రైతుబిడ్డ: కుట్లేసే ముందు లెక్కపెట్టేది సిస్టర్లే కదా. తప్పు వాళ్లదే.

థియేటర్ సిస్టర్: అందరూ ఇదే మాట! 2003లో అమెరికాలో ఒక అధ్యయనం వచ్చింది. లోపల వస్తువు మిగిలి, లెక్క కూడా పెట్టిన కేసుల్లో 88 శాతం ‘లెక్క సరిపోయింది’ అనుకున్నవే. అందుకే ఎక్స్‌రేలో కనబడే దారం ఉన్న మాప్‌లు వాడాలి. దారం లేని చవక గుడ్డలు కొన్నది సిస్టర్లా?

మూసీ వకీలు: ఎవరు వదిలారో తేలకపోయినా పరిహారం వస్తుంది. 1963లో ఔరంగాబాద్ ప్రభుత్వాస్పత్రిలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌లో టవల్ మిగిలి ఒకావిడ చనిపోయింది. ప్రభుత్వమే బాధ్యత వహించాలని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. వినియోగదారుల కమిషన్‌కు గడువు రెండేళ్లే, ఆస్పత్రి చీటీలు పారేయకండి.

పాలమూరు రైతుబిడ్డ: చివరికి పైసల కోసమేనన్నమాట.

పానగల్లు గట్టు: పైసలెవడికి కావాలి? ‘బాలింతవు, లేనిపోని భయం పెట్టుకున్నావ్’ అన్నారు దానితో. అత్తగారింట్లో పని తప్పించుకోవడానికి నాటకమన్నారు. పసిగుడ్డును ఎత్తుకోలేక ఏడ్చింది. గుడ్డ బయటపడ్డాక కూడా ఆ ఆస్పత్రి నుంచి ఒక్కరూ ‘పొరపాటైందమ్మా’ అనలేదు. మీరేమో దారం, లెక్క అంటున్నారు.

థియేటర్ సిస్టర్: నా బాధ కూడా విను. ఒకసారి మాప్ తక్కువైందంటే సర్జన్ నన్ను కసిరి కుట్లేశారు. మర్నాడు ఎక్స్‌రేలో కనబడింది. మెమో నాకిచ్చారు.

పానగల్లు గట్టు: ఆ పేషెంట్‌కు నిజం చెప్పారా అక్కా?

థియేటర్ సిస్టర్: లేదు. లోపల చీము పట్టిందని చెప్పి మళ్లీ కోశారు. నేనూ చెప్పలేదు. ఉద్యోగం పోతుందని.

పానగల్లు గట్టు: నేను అడుగుతున్నది దాని గురించే అక్కా.