చీనీ తోటల డ్రోన్ ఫోటోలు మ్యాప్ మీద వాటంతటవే కూర్చోవాలంటే ఎట్లా?

తాడిపత్రి_డ్రోన్:
తాడిపత్రి, పుట్లూరు చుట్టుపక్కల చీనీ (బత్తాయి) తోటలకు పైనుంచి ఫోటోలు తీస్తుంటాను. ఒక్కో రైతుది రెండు మూడు ఎకరాలు, తోటకూ తోటకూ మధ్య చాలా దూరం, కాబట్టి తోటకు ఒకటో రెండో ఫోటోలు చాలు. పాత డీజేఐ ఫాంటమ్ 4 ప్రో డ్రోన్, కెమెరా నిలువుగా కిందికే పెడతాను. డ్రోన్ ఫోటోలను అతికి మ్యాప్ చేసే ఓపెన్‌డ్రోన్‌మ్యాప్‌కు ఇస్తే ఫోటోలు ఒకదాని మీద ఒకటి పడలేదు కాబట్టి అతకడం లేదు. ఇప్పుడు క్యూజీఐఎస్ అనే మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో, ఫోటోను మ్యాప్ మీద కూర్చోబెట్టే జియోరెఫరెన్సర్ తెరిచి గట్టు మూల, బోరు షెడ్డు వెతుక్కుంటూ ఒక్కోదానికీ చేత్తో పాయింట్లు పెడుతున్నా, వందల ఫోటోలకు ఇది తెమిలే పని కాదు. అక్షాంశం, రేఖాంశం ఫోటోలోనే ఉన్నాయి కదా, అట్లా చోటు వివరం ఉన్న (జియోట్యాగ్) ఫోటోలు ఇంపోర్ట్ చేసే టూల్ వాడితే ఉత్త చుక్కలే వస్తున్నాయి. ఫోటోనే నేల మీద పరచాలంటే ఏం చేయాలి?

పటాల_పిచ్చోడు:
చుక్కలే వస్తాయన్నా, ఎగ్జిఫ్‌లో (ఫోటో ఫైల్‌లో దాగి ఉండే వివరాల్లో) ఉండేది డ్రోన్ నిలబడిన చోటు మాత్రమే. ఫోటో ఎంత మేర పడింది, ఏ దిక్కుకు తిరిగి ఉంది అనేది మనమే లెక్క కట్టాలి. దానికి కావాల్సినవి డీజేఐ ఫోటోల్లో ఎక్స్‌ఎంపీ అనే ఇంకో భాగంలో ఉంటాయి, ఆ వివరాలు చదివే ఎగ్జిఫ్‌టూల్‌తో చూడు: రిలేటివ్ ఆల్టిట్యూడ్ (లేచిన చోటు నుంచి ఎత్తు), గింబల్ యా (కెమెరా తిరిగిన దిక్కు), గింబల్ పిచ్ (కెమెరా వంపు, నిలువుగా కిందికైతే మైనస్ 90). పిచ్ మైనస్ 90కి దగ్గరగా లేని ఫోటోలు పక్కన పడేయ్.

నీ కెమెరా సెన్సర్ వెడల్పు 13.2 మి.మీ., ఫోకల్ లెంగ్త్ 8.8, ఫోటో 5472 × 3648 పిక్సెళ్లు. ఎత్తును సెన్సర్ వెడల్పుతో గుణించి ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే నేల మీద వెడల్పు వస్తుంది. 100 మీటర్ల ఎత్తులో 150 మీటర్లు, అంటే పిక్సెల్‌కు సుమారు 2.74 సెం.మీ. దీన్ని మీటర్లలోకి మార్చి గ అనుకో.

ఇక ప్రతి ఫోటోకూ అదే పేరుతో జేజీడబ్ల్యూ ఫైల్ (ఫోటో మ్యాప్ మీద ఎక్కడ, ఎట్లా పడాలో చెప్పే చిన్న టెక్స్ట్ ఫైల్) రాయించాలి, ఆరే లైన్లు. యా కోణం ఉత్తరం నుంచి గడియారం తిరిగే వైపు కొలిచింది కాబట్టి మొదటిది గ × కాస్, రెండూ మూడూ ఒకటే, మైనస్ గ × సైన్, నాలుగోది మైనస్ గ × కాస్. చివరి రెండూ ఎడమ పై మూల పిక్సెల్ ఎక్స్, వై. జీపీఎస్ చెప్పేది ఫోటో నడిమధ్య కాబట్టి అక్కడినుంచి సగం వెడల్పు, సగం ఎత్తు వెనక్కి జరగాలి, అదీ తిప్పిన కోణంలోనే. పైథాన్‌లో చిన్న స్క్రిప్ట్, ఫోల్డర్ మొత్తం ఒక్క దెబ్బకు అయిపోతుంది.

కర్నూలు_జీఐఎస్:
పైన చెప్పింది సరిగ్గానే ఉంది, కానీ మన జిల్లాల్లో ఇంకో తిరకాసు ఉంది. ఆ ఎక్స్, వై మీటర్లలో కావాలి, అంటే యూటీఎంలోకి (భూమిని నిలువు జోన్లుగా విడదీసి మీటర్లలో కొలిచే పద్ధతిలోకి) మార్చాలి. 43, 44 జోన్లను విడదీసే 78 డిగ్రీల రేఖ సరిగ్గా మీ తాడిపత్రి దగ్గరే పోతుంది. గుత్తి వైపు తోట 43లో, కడప వైపు తోట 44లో పడుతుంది. మా కర్నూలు కూడా గీత మీదే ఉన్నట్టు, ఊరు 44లో, ఆదోని 43లో. జోన్ నంబర్ రేఖాంశాన్ని బట్టి దానంతటదే ఎంచుకునే కోడ్ వాడితే సగం తోటలు ఒక లెక్కలో, సగం ఇంకో లెక్కలో వచ్చి, మ్యాప్‌లో వందల కిలోమీటర్ల అవతల తేలతాయి. మొత్తానికీ ఒకే జోన్, 44వ జోన్ కోడ్ అయిన ఈపీఎస్‌జీ 32644 అని గట్టిగా రాసేయండి. గీతకు కాస్త అవతల ఉన్నా ఈ పనికి వచ్చే తేడా పట్టించుకునేంత కాదు.

కడప_సర్వే:
అన్నీ బాగున్నాయి గానీ, దీన్ని పట్టుకుని ఎవరి గట్టు ఎక్కడ అని మాత్రం తేల్చొద్దప్పా. ఆర్‌టీకే (జీపీఎస్ తప్పును సెంటీమీటర్లకు దించే సదుపాయం) లేని డ్రోన్ జీపీఎస్ రెండు మూడు మీటర్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే తప్పుతుంది. చీనీ చెట్ల మధ్య ఎడం ఆరు మీటర్లు అనుకుంటే సగం వరస జరిగినట్టే. చెట్లు లెక్కపెట్టడానికి ఇబ్బంది లేదు, కానీ పోయిన నెల ఎండిన చెట్టు ఇదేనా పక్కదా అంటే చెప్పలేవు. ఎత్తు సంగతి కూడా ఉంది. రిలేటివ్ ఆల్టిట్యూడ్ లేచిన చోటు నుంచి కొలిచింది, తోట నుంచి కాదు. గుట్ట మీద నిలబడి ఎగరేసి, తోట అయిదు మీటర్లు దిగువన ఉంటే కొలత అయిదు శాతం తగ్గుతుంది, ఫోటో అంచు దగ్గర నాలుగు మీటర్ల తేడా. తోటలోనే లేపు. ఆపైన బోరు షెడ్డు మూలనో తొట్టినో గుర్తు పెట్టుకుని, ప్రతి ఫోటోనూ దాని మీదికి కాస్త జరుపు. ఆ ఒక్క పని చేత్తో చేయక తప్పదు.

తాడిపత్రి_డ్రోన్:
అందరికీ థ్యాంక్స్. స్క్రిప్ట్ నడిచింది, 32644 పెట్టాక అన్నీ తోటల మీదే పడ్డాయి. యల్లనూరు బ్యాచ్‌లో మాత్రం ఎగ్జిఫ్‌టూల్ ఏమీ చూపించడం లేదు. ఆ ఫోటోలు మా పిల్లోడు వాట్సాప్‌లో పంపాడు.

పటాల_పిచ్చోడు:
అదే కారణం. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే సైజు తగ్గించి లోపలి వివరాలన్నీ తీసేస్తుంది, వాటితో ఇక ఏమీ చేయలేం. డాక్యుమెంట్‌గా పంపమను, లేదంటే మెమరీ కార్డే తెమ్మను. కార్డు చెరిపేయకముందే ఫోన్ చెయ్యి.